కడుపు నిండా ఆకలి

చేప కడుపు నిండా మేత ఉంది. అయినా ఆ చేప ఆకలితో చచ్చిపోయింది.

కోసి చూసేదాకా డాక్టర్ సలోమికి ఆ సంగతి తెలియదు. ఆ పొద్దున ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే. ఫ్యాక్టరీ గేటు ముందు ఒక ఆడమనిషి తట్ట దించుకుని కూర్చుంది, సెక్యూరిటీ వాళ్లు ఎంత బతిమాలినా, ఎంత బెదిరించినా లేవడం లేదు.

"లోపల చదువుకున్నోళ్లు ఎవురన్నా ఉంటే రమ్మనయ్యా. కాపలాదారుతో నాకేం పని?" అంటోంది ఆమె, రోడ్డు అవతలికి కూడా వినబడేలా.

సలోమి ఆ ఫ్యాక్టరీలో పరీక్షల ల్యాబుకు అధికారి. తయారైన ప్రతి మందూ ఆమె సంతకం పడ్డాకే బయటికి వెళ్లాలి. కిటికీలోంచి చూస్తూ నిలబడలేక తెల్లకోటుతోనే గేటు దగ్గరికి వచ్చింది.

ఆ మనిషి పేరు సామ్రాజ్యం. ఫ్యాక్టరీ వెనక ఉప్పుకాలవ ఒడ్డున ఉన్న కొత్తదిబ్బ అనే పల్లెకారుల ఊరు ఆమెది. కాలవలో వల వేయడం, పట్టింది రేపల్లె బజారులో అమ్మడం ఆమె బతుకు. తట్ట మీద గోనెపట్టా తీసి చూపించింది.

"చూడమ్మా. ఒళ్లంతా ముళ్లే. తలకాయ ఒక్కటే మిగిలింది. వలేస్తే ఇయ్యే పడతన్నాయి. పీతని పగలగొడితే డొప్ప తప్ప లోపల కండ లేదు. మీరు నీళ్లు ఒదలబట్టే గదా?"

"నీళ్లు శుద్ధి చేసే వదులుతామమ్మా."

"ఆ మాట గేటు మీద బోర్డులో ఉంది, మా వోళ్లు చదివి చెప్పారు. నువ్వు ఇంకోటి ఏదన్నా చెప్పు."

సలోమి కొన్ని చేపలు అడిగి తీసుకుని లోపలికి వచ్చింది.

కోస్తే ప్రతి చేప కడుపూ ఉబ్బి ఉంది. లోపల బూడిదరంగు జిగురు, గట్టిగా కుక్కినట్టు. ఆ మధ్యాహ్నం వేరే పని తగిలి, ఆ జిగురును ఒక గాజు పళ్లెంలో పెట్టి మరిచిపోయింది. ఆదివారం గడిచి తిరిగి ల్యాబుకు వచ్చేసరికి, ఏసీ ఆగిపోయిన గదిలో చేపలు కంపు కొడుతున్నాయి. పళ్లెంలో జిగురు మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. వాసన లేదు, బూజు లేదు. దాని మీద ఈగ కూడా వాలలేదు.

మామూలు పరీక్షలన్నీ చేసింది. మాంసకృత్తులు ఉన్నాయి. చక్కెర ఉంది. బరువులు సరిపోయాయి. కాగితం మీద చూస్తే రొయ్యల చెరువుల్లో వేసే మేతకంటే మంచి మేత. ఇంత మంచి మేత తిని చేప ఎందుకు చచ్చిపోవాలి?

ఇక మిగిలింది ఒకే ఒక్క పరీక్ష. అది ఆ ఫ్యాక్టరీలో రోజూ చేసేదే, కానీ మందుకు తప్ప ఇంకొకదానికి చేయాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

చెప్పుల జత తీసుకుంటే రెండిటిదీ ఒకే కొలత, ఒకే తోలు. తక్కెడలో వేస్తే ఒకే బరువు తూగుతాయి. తేడా కాలు పెడితేనే తెలుస్తుంది. కొన్ని అణువులు కూడా అలాగే జతలుగా ఉంటాయి, ఒకటి ఇంకొకదానికి అద్దంలో బొమ్మ. చిత్రమేమిటంటే, చీమ నుంచి మనిషిదాకా ప్రాణమున్న ప్రతిదీ తన ఒంట్లోని మాంసకృత్తుల్ని ఎడమ రకం ముక్కలతోనే కట్టుకుంటుంది. ఆ ఫ్యాక్టరీలో తయారయ్యే ముకురిన్ అనే మందు మాత్రం పూర్తిగా కుడి రకం ముక్కలతో కట్టింది. ఒంట్లోకి వెళ్లిన మామూలు మందును ముక్కలు చేసే కత్తెరలు దాని మీద పనిచేయవు. జనం దాన్ని అద్దం మందు అంటారు.

ఎడమా కుడీ విడదీయడానికి ల్యాబులో ఒక సన్నటి ఉక్కు గొట్టం ఉంది. దాన్ని కాలమ్ అంటారు. నిజంగా చెప్పుకు కాలు లాంటిదే. దాని నిండా కుడో ఎడమో ఒకే వాటం ఉన్న పొడి కూరి ఉంటుంది. ద్రవాన్ని అందులోంచి నెడితే, పొడికి నప్పని రకం తొందరగా జారిపోతుంది, నప్పిన రకం అంటుకుని ఆగి ఆగి వస్తుంది. కంప్యూటర్ తెర మీద ఎడమ రకం ముందు గీతగా లేస్తుంది, కుడి రకం తర్వాత లేస్తుంది.

చేప కడుపులోని జిగురును ముక్కలుగా విడగొట్టి సలోమి కాలమ్‌లోకి పంపింది. ముందు గీత రావలసిన చోట తెర చదునుగా ఉండిపోయింది. ఆమె కుర్చీలోంచి లేవలేదు. తర్వాతి చోట గీత నిటారుగా లేచింది.

ముకురిన్ కారిపోతోందనుకుంది ముందు. కానీ ఒక్కొక్క ముక్కనూ గుర్తుపట్టుకుంటూ పోతే, ముకురిన్‌లో అసలు లేని ముక్కలు కూడా బయటపడ్డాయి. అవీ కుడి రకమే. ఒక ప్రాణి బతకడానికి ఏమేం కావాలో అవన్నీ ఉన్నాయి, అన్నీ తిరగబడి ఉన్నాయి.

కారింది మందు కాదు. మందును తయారుచేసే పురుగు. ఆ జిగురంతా అదే.

*

ఆ పురుగును పుట్టించింది కంపెనీ పెద్ద శాస్త్రవేత్త డాక్టర్ ఇందుమతి. కంటికి కనబడని ఒక సూక్ష్మజీవిని తీసుకుని, దాని లోపలి సరుకంతా ఒక్కొక్కటిగా అద్దంలో బొమ్మలా మార్చుకుంటూ వచ్చి, చివరికి దానికి ప్రాణం పోసింది. ఉక్కు తొట్లలో కోట్లకు కోట్లు పెరుగుతూ అది ముకురిన్ కక్కుతుంది. మామూలు ప్రాణులు తినే చక్కెర కుడి రకం కాబట్టి, ఈ అద్దం పురుగుకు పెట్టే మేత ఎడమ రకం చక్కెర. భూమ్మీద ఎక్కడా దొరకదు, ఫ్యాక్టరీలోనే చేస్తారు. 'బయటికొస్తే ఆకలితో చస్తుంది' అన్నదే ప్రభుత్వానికి కంపెనీ ఇచ్చిన హామీ.

మరి కాలవలో ఏం తిని బతుకుతోంది? సలోమి ఒక గాజు కుప్పెలో కాసిని ఉప్పులు, కొంచెం వెనిగర్ కలిపి, ఆ జిగురులోంచి చిటికెడు వేసింది. మూడోనాటికి కుప్పె అడుగున బూడిదరంగు మబ్బు పట్టింది.

ఆమె కోటు విప్పి, భర్త షాపుకు బయలుదేరింది.

జెకర్యాకు రేపల్లె రైల్వే గేటు దగ్గర మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, పాత తీగ పీకి, కొత్త రాగితీగ చుట్టి ఇస్తాడు. సలోమి హైదరాబాదులో పైచదువు చదివిన కాలమంతా ఇల్లు నడిపింది ఆ రాగితీగే. తర్వాత అతని వేళ్లకు జబ్బు పట్టుకుంది. ముందు తిమ్మిరి, తర్వాత బిగుసుకుపోవడం, చివరికి చొక్కా బొత్తాం కూడా పెట్టుకోలేకపోయాడు. కొందరికి ఆ జబ్బు ఊపిరిదాకా పాకి ప్రాణం తీస్తుంది. ఆ నరాల జబ్బుకు మందు ఉండేది, కానీ నరాన్ని చేరేలోపే ఒళ్లు దాన్ని ముక్కలు చేసేది. ముకురిన్ వచ్చాక, వారానికొక సూదితో, వేళ్లు మెల్లగా తెరుచుకున్నాయి. సలోమి హైదరాబాదు ఉద్యోగం వదిలి ఈ ఫ్యాక్టరీలో చేరిందే ఆ మందు కోసం.

ఆమె వెళ్లేసరికి జెకర్యా స్టూలు మీద వంగి, వెదురు బద్దతో తీగచుట్టను మోటారు గాడిలోకి సర్దుతున్నాడు. షాపంతా వార్నిష్ వాసన.

"ఏంది ఈ టయానికి?" అన్నాడు తలెత్తకుండా. తర్వాత ఆమె మొహం చూసి బద్ద కింద పెట్టాడు.

అంతా చెప్పింది. అతను పూర్తిగా విన్నాక అడిగాడు.

"బయట తిండి దొరకదన్నారుగా?"

"వెనిగర్ తిని బతుకుతోంది. చెప్పుకి కుడీ ఎడమా ఉంటయ్ గానీ గోళీకాయకి ఉంటయ్యా? వెనిగర్ గోళీకాయ లాంటిది, ఎవరి చేతికైనా పడుద్ది. కుళ్లిన బురదలో అది ఊరికే పుడుతూ ఉంటుంది."

"దాన్ని తినే పురుగు లేదా?"

"తింటయ్. అరగదు. కడుపు నిండుద్ది, ఒంటికి పట్టదు. ఇప్పుడు కాలవలో ఉంది. కాలవ సముద్రంలో కలిసే చోటు ఎంత దూరమో నీకు తెలుసుగా."

రోడ్డు మీద ఒక లారీ హారను కొట్టుకుంటూ పోయింది.

"చెబితే ఏం చేస్తారు?"

"తొట్లన్నీ ఉడకబెట్టి చంపాలి. ఫ్యాక్టరీ మూసెయ్యాలి."

"మందో?"

జెకర్యా మళ్లీ బద్ద తీసుకున్నాడు. తీగచుట్ట చివరిదాకా గాడిలో కూర్చున్నాక, చేతులు గుడ్డతో తుడుచుకుని వాటి వంక చూసుకున్నాడు.

"నాకు భయంగా ఉంది సలోమీ. అబద్ధం ఎందుకు చెప్పాల? మళ్లీ నువ్వు అన్నం కలిపి నా నోట్లో పెట్టాల. చావంటే గూడా అంత భయం లేదు నాకు."

"నాకూ భయమే."

"అయితే ఒకటి చెబుతా ఇను. నన్ను అడ్డం పెట్టుకుని ఆగమాక. మొగుడి కోసం నోరు మూసుకుందని రేపు ఎవుడన్నా అంటే, ఈ చేతుల్తో ఏం ముట్టుకున్నా నాకు రోత పుడుద్ది."

*

డాక్టర్ ఇందుమతి కాగితాలన్నీ నిలబడే చూసింది. అరవై దాటిన మనిషి, ఎవరి మీదా గొంతు పెంచే అలవాటు లేదు.

"కాలమ్ పాతబడిందేమో సలోమీ."

"కొత్తది వేసి చూశాను మేడం. ఎదురు వాటం పొడి ఉన్న కాలమ్ మీద కూడా వేశాను. గీతల వరస తారుమారైంది. యంత్రం తప్పైతే అలా మారదు."

ఇందుమతి కుర్చీలో కూర్చుంది. వెనిగర్ కుప్పెను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. తన బిడ్డను పోలీసులు పట్టుకొచ్చి ఎదురుగా నిలబెడితే తల్లి చూసినట్టు చూసింది.

"వెనిగర్ మీద పెరగలేదు ఇది. నేనే పరీక్షించాను."

"అప్పుడు పెరగలేదు. ఇప్పుడు నేర్చుకుంది."

"వెయ్యిమందికి పైగా ఈ మందు మీద నడుస్తున్నారు. అందులో పిల్లలున్నారు. మీ ఆయన ఉన్నాడు. బెదిరించడానికి అనడం లేదు, ఆయన మొదటిసారి నా ముందు గ్లాసు పట్టుకున్న రోజు నాకు గుర్తుంది."

"నాకూ గుర్తుంది మేడం."

"అయితే కొంచెం సమయం ఇవ్వు. ఎక్కడ కారుతోందో వెతికి మూసేద్దాం. కొత్త తొట్ల కోసం వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. అది గడవనీ. ఈలోపు నీ రిపోర్టులో 'తెలియని కల్మషం' అని రాయి."

"అదేంటో తెలిసినప్పుడు తెలియదని ఎలా రాయను?"

ఇందుమతి కుప్పెను జాగ్రత్తగా, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది.

మర్నాడు సలోమి కార్డుకు ల్యాబు తలుపు తెరుచుకోలేదు. పై అధికారుల ఆజ్ఞ అని సెక్యూరిటీ అతను చెప్పాడు. ఆమె దాచిన జిగురు, కుప్పెలు, చేపలు అన్నీ అప్పటికే కొలిమిలో కాలిపోయాయి.

ఆమె గేటు దాటి నేరుగా కొత్తదిబ్బకు నడిచింది. సామ్రాజ్యం ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటోంది.

"అక్కా, కాలవ అడుగున పేరుకున్న బూడిద జిగురు నాకు బిందెడు కావాలి."

"నువ్వు ఆళ్ల మనిషివిగా. మా ఎమ్మటి పడ్డావేంది?"

"వెళ్లగొట్టారు."

"ఓహో. ఎల్లగొడితే గానీ మా ఊరికి దోవ తెలవలేదన్నమాట."

"తప్పు మీ కాలవలో కాదు, మా తొట్లో ఉందని ముందు వాళ్లకే చెప్పా. చెప్పినందుకే వెళ్లగొట్టారు."

సామ్రాజ్యం ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత చీర ఎగదోపి మోకాలి లోతు నీళ్లలోకి దిగింది. "బిందె ఎందుకు, పడవెడు తీసకపో."

సలోమి చదువుకున్న డిగ్రీ కాలేజీలో ఆమె స్నేహితురాలు కెమిస్ట్రీ చెబుతోంది. వేసవి సెలవులు కావడంతో ల్యాబు తాళం ఇచ్చి, ఏమీ అడగలేదు. అక్కడ కాలమ్ లేదు. పోలారిమీటర్ అనే పాత ఇత్తడి గొట్టం ఉంది, వెలుతురు ఎటు మెలి తిరుగుతుందో చూపించేది. సలోమి ఆ జిగురును యాసిడ్‌లో ఉడికించి, వడగట్టి, అందులోని చక్కెరను విడదీసింది. మామూలు గ్లూకోజు నీళ్లు పోస్తే వెలుతురు కుడికి తిరిగింది. జిగురు చక్కెర పోస్తే సరిగ్గా అంతే ఎడమకు తిరిగింది.

ఆమెకు అది చాలు. కానీ కొత్తదిబ్బ జనానికి, కలెక్టరాఫీసుకు గొట్టంలో కన్ను పెట్టించి ఎంతమందికి చూపించగలదు? అందరికీ ఒక్కసారే కనబడేది కావాలి. ఆమె బజారుకు వెళ్లి ఈస్టు పొట్లం, బుడగల ప్యాకెట్ కొనుక్కొచ్చింది.

*

ప్రజాభిప్రాయ సేకరణ కొత్తదిబ్బ స్కూలు ఆవరణలో జరిగింది. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద జాయింట్ కలెక్టర్, కంపెనీ పెద్దలు, ఒక చివర డాక్టర్ ఇందుమతి. కూలర్లు వేదిక వైపే తిరిగి ఉన్నాయి.

సభ మొదలుకాకముందే సలోమి ముందు వరస ఎదురుగా ఒక బల్ల వేసుకుని, రెండు సోడా సీసాలు పెట్టింది. రెండింటిలోనూ గోరువెచ్చని నీళ్లు, ఈస్టు. ఒకదానిలో గ్లూకోజు, రెండోదానిలో జిగురు నుంచి తీసిన చక్కెర, అంతే కొలత. రెండు సీసాల మూతులకూ ఎర్ర బుడగలు తొడిగి, వచ్చి తన వంతు కోసం కూర్చుంది.

కంపెనీ తరఫున వచ్చిన నిపుణుడు ఉద్యోగాల గురించీ పచ్చదనం గురించీ మాట్లాడుతుండగానే, జనం చూపు వేదిక మీదినుంచి బల్ల మీదికి మళ్లింది. ఎండకు ఒక బుడగ కదిలింది. తల ఎత్తింది. ఉబ్బి నిలబడింది. రెండోది సీసా మెడ మీద తడిగుడ్డలా వేలాడుతూనే ఉంది.

సలోమి పేరు పిలిచారు. ఆమె మైకు ముందుకు వచ్చి నాలుగు మాటలు చెప్పిందో లేదో మైకు మూగబోయింది. సమయం అయిపోయిందని ఎవరో అన్నారు.

"ఆమెని చెప్పనియ్యండి! మైకు లేకపోతే మేం దగ్గరికొస్తాం," అని సామ్రాజ్యం లేచింది. ఆమె వెనక ఆడవాళ్లంతా కుర్చీలు ఎత్తుకుని బల్ల చుట్టూ చేరారు.

"ఈస్టు చక్కెర తింటే గాలి వదులుతుంది," సలోమి గొంతు పెంచి చెప్పింది. "మొదటి సీసాలో తిన్నది. రెండో సీసాలో తినలేదు. రెండోది మీ కాలవలోది."

"రెండో సీసాలో చక్కెరే లేదు!" నిపుణుడు వేదిక మీదినుంచి అరిచాడు.

ఆమె నీలిరంగు ద్రావకం ఉన్న రెండు గాజు గొట్టాలు తీసింది. పూర్వం ఆసుపత్రుల్లో షుగరు పరీక్షకు వాడిన ద్రావకమే. ఒక్కో సీసాలోంచి కొంచెం పోసి స్పిరిట్ దీపం మీద వేడిచేసింది. రెండు గొట్టాలూ ఇటికరంగుకు తిరిగాయి.

"ఉంది. రెండిట్లోనూ చక్కెరే."

"ఈస్టు చచ్చిపోయి ఉంటుంది."

సలోమి రెండో సీసా బుడగ తీసి, అందరూ చూస్తుండగా చెంచాడు గ్లూకోజు వేసి, మళ్లీ బుడగ తొడిగింది. ఎవరూ కదల్లేదు. జాయింట్ కలెక్టర్ వేదిక దిగి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. ఉక్కపోతలో ఆ నిరీక్షణ చాలా పొడుగ్గా ఉంది. చివరికి ఆ బుడగ కూడా మెల్లగా తల ఎత్తింది.

"ఈస్టు బతికే ఉంది. ఇందాక దాని ముందు పెట్టింది అన్నం కాదు, అద్దంలో అన్నం. మీ చేపలు తింటున్నదీ అదే. సముద్రంలోకి పోతే సముద్రం తినేదీ అదే."

షామియానా కింద గోల లేచింది. జాయింట్ కలెక్టర్ వేదిక వైపు తిరిగి, "డాక్టర్ ఇందుమతి గారూ, మీరేమంటారు?" అన్నాడు.

పక్కనున్న కంపెనీ పెద్ద ఆమె చెవిలో ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆమె చేసిన పరీక్షలో తప్పు లేదు," అంది.

అప్పుడే వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. చంకలో ఏడెనిమిదేళ్ల పాప, మెడ చుట్టూ చేతులు వేసుకుని ఉంది.

"నీ పరీక్షలు బానే ఉన్నయ్ మేడం. మా పిల్ల ఈ మందుతోనే పెన్సిలు పట్టుకుంది. ఫ్యాక్టరీ మూస్తే దీని గతేంది? అదీ చెప్పు."

గోల ఆగిపోయింది. సలోమి ఆ పాప వేళ్ల వంక చూసింది.

"నా దగ్గర జవాబు లేదన్నా," అంది. "లేదని చెప్పి పారిపోను. మీరు ఎప్పుడు తిట్టాలనుకున్నా నేను రేపల్లెలోనే ఉంటా."

*

తొట్లన్నిట్లోకీ ఆవిరి పంపి పురుగును చంపారు. ఫ్యాక్టరీకి సీలు పడింది. ఉప్పుకాలవకు రెండు వైపులా కట్టలు పోసి, నీళ్లు తోడి, బురద మీద బ్లీచింగ్ పొడి చల్లి ఎండబెట్టారు. కొత్తదిబ్బ పడవలు ఒడ్డున బోర్లా పడుకున్నాయి.

"నోరు మూసుకునుంటే ముళ్ల చేపలన్నా దొరికేయి గదా డాక్టరమ్మా," అని సామ్రాజ్యం ఒకసారి మొహం మీదే అంది. ఆ వారమే రొయ్యల చెరువుల వాళ్లు కొందరు నీళ్ల కోసం కట్టకు గండి కొట్టడానికి పలుగులతో వస్తే, ఆ కట్ట మీద అడ్డంగా కూర్చున్నదీ ఆమే. "నా కాలవే పోయిందయ్యా. మీ నాలుగు చెరువులు ఒక లెక్కా? గండి పెట్టేదుంటే ముందు నా నడుం మీద పెట్టండి," అంది. వచ్చినవాళ్లు పలుగులు భుజాన వేసుకుని వెనక్కి పోయారు.

సలోమి కాలేజీ ల్యాబులోనే ఉండిపోయింది. ఎవరో పారేసిన పాత యంత్రాన్ని బాగుచేయించి, కొత్త కాలమ్ బిగించుకుంది. తీరం పొడుగునా ఊళ్ల నుంచి జనం సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చేవారు. ప్రతి సీసా కాలమ్ గుండా పోవాలి, ప్రతిసారీ తెర మీద ఒక్క ఎడమ గీతే లేవాలి. తిట్టేవాళ్ల ఫోన్లు కూడా వచ్చేవి. ఆమె ఏ ఒక్కటీ మధ్యలో కట్ చేయలేదు.

ఇంట్లో జెకర్యా ఎడమచెయ్యి ముందు పోయింది. తర్వాత కుడిచేతి చిటికెనవేలు, దాని పక్క వేలు. షాపులో కుర్రవాళ్లు తీగ చుడుతుంటే పక్కన కూర్చుని చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం చెంచా జారి పళ్లెంలో పడింది. సలోమి అన్నం కలిపి ముద్ద చేసింది. అతను మొహం తిప్పుకున్నాడు. ఆమె ముద్ద పట్టుకునే కూర్చుంది. కాసేపటికి ఇటు తిరిగి నోరు తెరిచాడు.

వానలు మొదలయ్యాక డాక్టర్ ఇందుమతి వాళ్లింటికి వచ్చింది. చిక్కిపోయింది. చేతిలో ఒక కాగితాల కట్ట.

"ఒక్క తొట్టి," అంది కూర్చోకుండానే. "ఒకే ఒక్కటి, ఇంకో ఊళ్లో, గోడ లోపల గోడ కట్టి. రోగుల కోసం మాత్రమే. కోర్టు ఒప్పుకోవాలంటే మందు వాడినవాళ్లు అడగాలి. అందరూ సంతకాలు పెట్టారు. ఆ రోజు మీటింగులో మాట్లాడిన పాప నాన్న కూడా. జెకర్యా గారూ, మీ సంతకం ఉంటే ఎవరూ కాదనలేరు."

సలోమి నోరు తెరవబోయింది. జెకర్యా తల అడ్డంగా ఊపాడు.

"అడుగుతున్నది నన్ను. మేడం, ఆ గోడలు దాటి బయటికి రాదని మీరు రాసిస్తారా?"

ఇందుమతి కాగితాల కట్ట కిందికి దించి, "ఒకసారి రాసిచ్చాను," అంది. "మళ్లీ రాయలేను."

"పెన్ను ఇయ్యండి."

పెన్ను వేళ్లలో నిలవలేదు. ఇందుమతి సంచిలోంచి ఇంకుప్యాడ్ తీసింది. "వేలిముద్ర చాలు."

"ముద్రెయ్యను. సలోమీ, తీగచుట్టలకి కట్టే టేపు ఉంటది చూడు, తీసకరా."

ఆమె తెచ్చింది. పెన్నును అతని అరచేతికి ఆనించి టేపుతో చుట్టింది. చెయ్యి పట్టుకోబోతే, "నువ్వు పట్టుకోమాక," అన్నాడు. మొత్తం మోచెయ్యిని కదుపుతూ, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, సంతకాల వరస మీద అడ్డంగా రాశాడు. అక్షరాలు చిన్నపిల్లవాడు రాసినట్టు వంకరగా వచ్చాయి. చెమట కాగితం మీద రాలింది.

'వద్దు' అని రాశాడు. దాని కింద తన పేరు.

"నాకు బతకాలని లేదనుకోమాకండి," అన్నాడు ఇందుమతితో. "బానే ఉంది. కానీ ఆ పురుగు చేసిన మందు నాకు ఎక్కించొద్దు."

ఇందుమతి ఆ కాగితం చదివింది. మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. అప్పుడు కూర్చుంది.

"పురుగు లేకుండా చేయొచ్చు," అంది సలోమి మెల్లగా. "ముక్క తర్వాత ముక్క, చేత్తో అతికించుకుంటూ. మీ మొదటి చుక్క మందు అలాగే చేశారు మేడం."

"ఒక్క గ్రాముకు ఎన్ని నెలలు పట్టిందో నీకు తెలియదు. పిడికెడు మందికి కూడా చాలదు."

"ముందు పిల్లలకి," అన్నాడు జెకర్యా.

ఇందుమతి సంచిని పక్కన పెట్టింది. తర్వాత, "మీ కాలేజీ ల్యాబులో ఖాళీ బల్ల ఉందా?" అని అడిగింది.

చేత్తో అతికించిన మందు మొదటి విడత చలికాలంలో తయారైంది. సలోమి దాన్ని కాలమ్‌లోకి పంపి తెర ముందు నిలబడింది. కుడి గీత ఒక్కటే లేచింది, దాని పక్కన మచ్చ కూడా లేదు. ఆ మందు పెన్సిలు పాపకూ ఇంకొందరు పిల్లలకూ వెళ్లింది. ఎదురుచూస్తూ కొందరు పోయారు. వాళ్ల వాళ్లు సలోమిని క్షమించలేదు, ఆమె అడగనూ లేదు. పెద్దవాళ్ల వంతు వచ్చేసరికి జెకర్యా ఎడమచేతి నరాలు పూర్తిగా చచ్చిపోయాయి. కుడిచేతిలో మూడు వేళ్లు తిరిగి కదిలాయి.

మరుసటి వేసవిలో కంపెనీ పేరు మార్చుకుని, ఉత్తరాంధ్ర తీరంలో ఒక ఉప్పుటేరు పక్కన అద్దం తొట్లకు అనుమతి అడిగింది. అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో పడింది. సలోమి కాలమ్‌ను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. సామ్రాజ్యం తన ఊరి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. ఇందుమతి అలాంటి తొట్లను మొదట కట్టింది తనే కాబట్టి, అవి ఎక్కడ కారతాయో తనే చెబుతానంది.

వాళ్లు రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి షాపు షట్టరు దించి ఉంది. జెకర్యా మూడు వేళ్లతో తాళం వేసి, అందరికంటే ముందే ఆటో ఎక్కి కూర్చున్నాడు.

"ఎంతసేపు?" అన్నాడు. "బయల్దేరండి."